తుంబా తీరమున తుమ్మిపూలు: అంతరిక్ష ప్రదర్శనశాలలో సాధకుడు నేర్వదగినది

తిరువనంతపురమునకు యాత్ర వెళ్ళిన తెలుగువారు అనంతపద్మనాభస్వామిని మూడు ద్వారముల గుండా సేవించుకొని, ఆ మీదట కన్యాకుమారి దారి పట్టుట పరిపాటి. ఆ నగరమునకు ఉత్తరముగా, సముద్రపు ఒడ్డున, తుంబా అనే పల్లె ఉన్నది. అక్కడ విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రమునకు చెందిన ఒక ప్రదర్శనశాలలో భారతదేశపు అంతరిక్ష యాత్రా చరిత్ర అంతా నమూనాలుగా, చిత్రములుగా, ఫలకములుగా నిలిచి ఉన్నది. అది పాఠశాల పిల్లలు చూడవలసిన స్థలమని, తీర్థయాత్రకు వచ్చిన భక్తులకు అక్కడ పని లేదని సామాన్యముగా భావిస్తారు. ఈ భావన పునర్విచారణకు అర్హమైనది. శ్రద్ధతో చూడగలిగితే ఆ ప్రదర్శనశాల కర్మయోగమును గురించి, ప్రమాణ విచారమును గురించి, అహంకార త్యాగమును గురించి అనేక ప్రవచనములు చెప్పలేనిది చెప్పగలదు.

అంతరిక్ష విజ్ఞానమును గురించి ఆస్తికలోకములో రెండు ధోరణులు ప్రబలి ఉన్నవి. మొదటిది, "ఇవన్నీ మన ఋషులకు ముందే తెలుసును, మన గ్రంథములలోనే ఉన్నవి" అనే గర్వము. రెండవది, "ఇదంతా మాయాప్రపంచము, ముముక్షువునకు దీనితో పని ఏమి" అనే ఉపేక్ష. పైకి పరస్పర విరుద్ధముగా కనబడే ఈ రెండింటికీ మూలము ఒక్కటే. ఎదుట ఉన్నదానిని ఉన్నట్లు చూచుటకు కావలసిన శ్రమను రెండూ తప్పించుకొంటున్నవి. సత్యమే పరమ ధర్మమని చెప్పుకొనే సంప్రదాయమునకు ఈ లోపము చిన్నది కాదు.

ప్రార్థనామందిరము ప్రయోగశాల అయిన వృత్తాంతము

ఆ ప్రదర్శనశాల ఉన్న భవనము ఒకప్పటి సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి. భూమి అయస్కాంత మధ్యరేఖ తుంబాకు అతి సమీపమున వెళ్తుంది. దిక్సూచి ముల్లు ఏ వైపునకూ క్రిందికి వంగక సమతలముగా నిలిచే రేఖ అది. ఆ రేఖకు పైన, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున, పగటివేళ ఒక విద్యుత్ప్రవాహము తూర్పు పడమరలుగా సాగుతూ ఉంటుంది. బెలూన్లు అంత ఎత్తునకు చేరలేవు. ఉపగ్రహములు అంత తక్కువ ఎత్తున నిలువలేవు. ఆ మధ్య ప్రదేశమును పరీక్షించుటకు చిన్న రాకెట్లే సాధనము. ఈ కారణము చేత విక్రమ్ సారాభాయ్ ఆ తీరమును ఎన్నుకొన్నారు.

కాని అక్కడ జాలరుల ఇండ్లు ఉన్నవి, వారి చర్చి ఉన్నది. సారాభాయ్ నాటి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాను కలిసి విషయము విన్నవించగా, ఆయన ఆదివారపు ప్రార్థనా సభలో జనులనే అడిగి వారి అంగీకారము పొందినారని అబ్దుల్ కలామ్ తమ రచనలలో చెప్పినారు. తరతరములుగా పూజించుకొన్న మందిరమును, నివాసభూములను ఆ పేదలు విడిచిపెట్టినారు. ప్రార్థనామందిరము ప్రయోగశాల అయినది. బిషప్ గారి గది నమూనాలు గీయు కార్యాలయమైనది. కలామ్ అక్కడనే తొలినాళ్ళలో పనిచేసినారు.

ఇక్కడ భక్తుడు ఒక్క క్షణము నిలువవలసి ఉన్నది. ఏ మతస్థునికైనా తన ఆరాధనా స్థలము ప్రాణసమానము. అంతటి దానిని ఇమ్మని అడిగినవాడు జైన కుటుంబమున జన్మించిన శాస్త్రవేత్త. ఇచ్చినవారు క్రైస్తవులైన జాలరులు. అందులో కూర్చుండి పనిచేసినవాడు రామేశ్వరమున పుట్టిన మహమ్మదీయుడు. యజ్ఞమునకు ప్రాణము ద్రవ్యత్యాగమని, "ఇది నాది కాదు" అని విడిచిపెట్టనిదే ఆహుతి సిద్ధించదని మన మీమాంసకులు నిర్ణయించినారు. ఆ నిర్ణయమునకు సాక్ష్యము తుంబాలో దొరుకుతున్నది. యజ్ఞభావము తన వారసత్వమని చెప్పుకొనే హిందువు, తన ఊరిలో బడికో ఆసుపత్రికో ఆలయపు మాన్యములో కొంత స్థలము అడిగిన వేళ తన సమాధానమేమిటో ఆ గోడల మధ్య నిలిచి ఆలోచించుకొనుట మంచిది.

తుంబా అనే పేరు మలయాళమున ఒక చిన్న మొక్కది. తెలుగువారు దానినే తుమ్మి అంటారు. పొలము గట్ల మీద తెల్లని చిన్న పూలు పూచే ఆ మొక్కను నాటువారు ఎవరూ లేరు. దాని పూలు మాత్రము శివపూజకు పనికివచ్చినవి. ఎవరి దృష్టికీ రాని ఇసుకనేల, ఎవరి లెక్కలోనూ లేని పేదజనము ఒక మహాకార్యమునకు ఆధారమైన చోటుకు ఇంతకంటె తగిన నామము దొరకదు.

1963 నవంబరు 21 సాయంసంధ్యలో అక్కడనుండి తొలి రాకెట్టు లేచినది. రాకెట్టు అమెరికాది, అందలి సోడియం ఆవిరి పరికరము ఫ్రాన్సుది. రాకెట్టును ఎత్తవలసిన క్రేను చివరి ఘడియలో మొరాయించగా, మనుషులే భుజబలముతో దానిని వేదిక మీదికి చేర్చినారు. అస్తమయానంతరము ఆకాశమున నారింజరంగు మేఘము ఒకటి వెలిగినది. దూరదూరపు ఊళ్ళవారు దానిని చూచినారు. స్వదేశములో తయారైన తొలి రాకెట్టు రోహిణి ఎగిరినది 1967 నవంబరు 20న. దాని వ్యాసము 75 మిల్లీమీటర్లు మాత్రమే, అనగా బాలుని పిడికిలి లోనికి ఇమిడీ ఇమడనంత. 1968 ఫిబ్రవరి 2న ఆ కేంద్రమును నాటి ప్రధాని ఇందిరాగాంధీ ఐక్యరాజ్యసమితికి అంకితము చేసినారు. పేదదేశము నిర్మించుకొన్న తొలి ప్రయోగకేంద్రము సర్వజనులదీ అయినది.

"అన్నీ మనకు ముందే తెలుసును" అనే గర్వము

పుష్పక విమానమును చూపించి రాకెట్టు మనదే అనే వాదము సభలలో చప్పట్లు తెచ్చునేమో గాని శాస్త్రమునకు మేలు చేయదు. "వైమానిక శాస్త్రము" అనే గ్రంథమును భరద్వాజ మహర్షి ప్రణీతమని ప్రచారము చేసినారు. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు దానిని భాషాపరముగా, యంత్రశాస్త్రపరముగా పరిశీలించినారు. అది ఇరవయ్యవ శతాబ్ది ఆరంభకాలపు రచన అని, అందు వర్ణించిన విమానములు ఎగురలేవని వారు తేల్చినారు. ఆనాడు ఆ సంస్థకు అధిపతి సతీశ్ ధవన్. భారత అంతరిక్ష సంస్థకు అధ్యక్షుడూ ఆయనే. శ్రీహరికోట కేంద్రము నేడు ఆయన పేరనే ఉన్నది. ఒక పీఠమున అసత్యము పరీక్షకు నిలువలేకపోయిన కాలముననే, రెండవ పీఠము నీడలో నిజమైన రాకెట్లు రూపొందుచున్నవి. ఈ రెండు పనులూ ఒకే నిష్ఠ యొక్క రెండు ముఖములు.

ఆచార్యుల మార్గము కూడా ఇదే. ప్రత్యక్షమునకు, అనుమానమునకు అందని విషయమున మాత్రమే శ్రుతి ప్రమాణమని పూర్వ, ఉత్తర మీమాంసకులు ఏకకంఠముగా అంగీకరించినారు. అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినను ఆ విషయమున అవి ప్రమాణము కాజాలవని శంకర భగవత్పాదులు గీతాభాష్యమున స్పష్టము చేసినారు. రాకెట్టు ఇంధనము పాళ్ళు ఎంతో, కక్ష్యావేగము ఎంతో చెప్పుట వేదము పని కాదు. దానిని ఆ పనికి దించినవాడు వేదమును ఉద్ధరించుట లేదు. వేదమునకే స్వంతమైన విషయమునుండి దానిని తప్పించుచున్నాడు.

బలవంతపు సమన్వయము ఎంత హాని చేయునో చూపుటకు ఒక ఉదాహరణము చాలును. తైత్తిరీయము ఆత్మనుండి ఆకాశము మొదట పుట్టినదని చెప్పును. ఆకాశమునకు గుణము శబ్దమని దర్శనములు చెప్పినవి. నేటి భౌతికశాస్త్రము చెప్పే అంతరిక్షమున గాలి లేదు గనుక శబ్దము ప్రయాణించదు. దర్శనములలోని ఆకాశ పదార్థమును రాకెట్టు వెళ్ళే అంతరిక్షముతో ఒక్కటి చేసిన మరుక్షణము, శాస్త్రమే తప్పు చెప్పినదనవలసి వచ్చును. ఆకాశము ఒక తత్త్వవిచారములోని పదార్థము, అంతరిక్షము కొలతకు లొంగే ప్రదేశము అని వేరుపరచినప్పుడు రెండూ తమ తమ స్థానముల భద్రముగా ఉండును. అత్యుత్సాహముతో చేసిన రక్షణ ఇక్కడ దాడి కంటె ప్రమాదకరమైనది.

నిజమైన వారసత్వము లేదని దీని అర్థము కాదు. భారతదేశపు తొలి ఉపగ్రహమునకు ఆర్యభటుని పేరు పెట్టినారు. 360 కిలోల ఆ ఉపగ్రహము 1975 ఏప్రిల్ 19న సోవియట్ భూమి నుండి ఎగిరినది. ఆర్యభటుడు క్రీ.శ. 499లో, ఇరువది మూడేళ్ళ వయస్సున, నక్షత్రములు పడమరకు జరిగినట్లు కనబడుటకు కారణము భూభ్రమణమేనని, నావలో పోవువానికి ఒడ్డు వెనుకకు పోయినట్లు తోచుటతో పోల్చి చెప్పినాడు. తరువాతి కాలమున బ్రహ్మగుప్తుడు ఆ మతమును ఖండించినాడు. ఆర్యభటుడు శాపమునకు గురి కాలేదు, బ్రహ్మగుప్తునికి అగౌరవము కలుగలేదు. హేతువుతో చెప్పుట, హేతువుతో కాదనుట, ఇరువురినీ ఆచార్యులుగా గౌరవించుట అనే ఈ పరంపర గర్వింపదగినది. దానిని విడిచి, లేని విమానముల కొరకు వెదకుట ఇంటిలోని నిధిని మరచి ఊరిలో అప్పు అడుగుట వంటిది.

"ఇదంతా మాయ" అనే ఉపేక్ష

రెండవ ధోరణి మరింత సూక్ష్మమైనది, అందుచేత మరింత మోసకరమైనది. జగత్తు మిథ్య అనే సిద్ధాంతమును ఆశ్రయించి, లౌకిక విద్యలన్నీ నిరర్థకములని కొందరు భావిస్తారు. ముండకోపనిషత్తు విద్యలను పర, అపర అని రెండుగా విభజించి, తెలియదగినవి రెండూ అని చెప్పినది. అపరవిద్యల పట్టికలో నాలుగు వేదములనూ, జ్యోతిషాది షడంగములనూ చేర్చినది. అపరవిద్య గనుక ఖగోళశాస్త్రము త్యాజ్యమంటే, అదే న్యాయమున వేదాధ్యయనమూ త్యాజ్యము కావలెను. అంతటి సాహసము ఏ ఆస్తికుడూ చేయడు.

ఛాందోగ్యమున నారదుడు సనత్కుమారుని చేరి, తాను నేర్చిన విద్యలన్నిటినీ లెక్కించును. వాటిలో నక్షత్రవిద్య కూడా ఉన్నది. ఇన్ని తెలిసినా శోకము తీరలేదని ఆయన వేదన. సనత్కుమారుడు ఆ విద్యలను నిందించలేదు, మరచిపొమ్మనలేదు. అవి ఎంతవరకు చేర్చగలవో చూపి, అక్కడనుండి మెట్టు మెట్టుగా భూమవిద్య వరకు నడిపించినాడు. శోకము తీరలేదని చెప్పుకొను అర్హత నారదునకు అన్నీ నేర్చిన తరువాత కలిగినది. ఏమీ నేర్వకుండా అన్నీ వ్యర్థమనుట వైరాగ్యము అనిపించుకోదు. దానికి ఆలస్యమని పేరు.

ఇంకొక విషయము. మాయావాదము చేయునప్పుడు కూడా సాధకుడు తుపాను హెచ్చరిక విని ప్రయాణము వాయిదా వేసుకొనుచున్నాడు. కోస్తాంధ్ర ప్రజలకు 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన ఎటువంటిదో తెలియును. వేలాది ప్రాణములు ఒక్క రాత్రిలో పోయినవి. నేడు తుపాను సముద్రము మధ్యన ఉండగానే ఉపగ్రహము దానిని కనిపెట్టుచున్నది, లక్షలాది జనులు ముందుగానే సురక్షిత స్థలములకు చేరుచున్నారు. చంద్రయాత్రలలో ధనిక దేశములతో పోటీ పడుట లక్ష్యము కాదని, మనుష్యుల నిజమైన సమస్యలకు ఉన్నత విజ్ఞానమును వినియోగించుటలో మాత్రము ఎవరికీ తీసిపోరాదని సారాభాయ్ ఆనాడే చెప్పినారు. భూతదయను ధర్మముగా అంగీకరించినవాడు ఈ ఫలమును మాయ అని త్రోసివేయజాలడు.

పరాజయమునకు ఇవ్వవలసిన పీఠము

ప్రదర్శనశాలకు వచ్చినవారు పెద్ద రాకెట్ల నమూనాల ఎదుట ఛాయాచిత్రములు తీసుకొంటారు. ఎస్.ఎల్.వి.-3 గాథను తెలిసి దాని రూపము ఎదుట నిలిచినవానికి అక్కడ గీతాశాస్త్రమే వినబడును. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు గల ఆ వాహనము 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి లేచి, కొద్ది నిమిషములలోనే బంగాళాఖాతమున కూలినది. రెండవ అంచె నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లము కారిపోవుట అందుకు కారణము. ప్రయోగమునకు ముందు కంప్యూటరు ఆగుమన్నది. నిపుణులతో చర్చించి, ముందుకు సాగుటకు నిర్ణయించినవాడు ప్రాజెక్టు నాయకుడైన కలామ్. ఆ సంగతిని ఆయనే దాచకుండా పలుమార్లు చెప్పినారు.

ఆనాడు పత్రికల ఎదుట సతీశ్ ధవన్ స్వయముగా కూర్చుండి వైఫల్యపు భారమును తన మీద వేసుకొన్నారు. తన బృందము మీద విశ్వాసమును ప్రకటించినారు. 1980 జూలై 18న అదే వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టినప్పుడు, పత్రికల ముందుకు వెళ్ళుమని కలామ్‌ను పంపినారు. అపజయము నాయకునిది, విజయము అనుచరులది. కర్మఫలమునందు సంగము లేకుండుట అంటే ఏమో వందలాది వ్యాఖ్యానములు వివరించినవి. ఇక్కడ ఒక పదకొండు మాసముల వ్యవధిలో ఒక మనుష్యుడు దానిని ఆచరించి చూపినాడు. ఆయన గీతను ఉదహరించవలసిన అవసరమే కలుగలేదు.

ఫలాసక్తి లేకుండుట అంటే ఫలమును గురించి అశ్రద్ధ అని కొందరు పొరబడుదురు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 అవతరణ నౌక చంద్రతలమును సమీపించిన చివరి ఘట్టమున విఫలమైనది. కారణములను అణువణువునా విచారించి, ఏది ఏ విధముగా చెడగలదో ముందుగా ఊహించి, చెడినను నిలువగలిగిన రీతిలో చంద్రయాన్-3ను రూపొందించినారు. 2023 ఆగస్టు 23న అది చంద్రుని దక్షిణధ్రువ ప్రాంత సమీపమున క్షేమముగా దిగినది. అవతరణ నౌకకు విక్రమ్ అని, చక్రముల వాహనమునకు ప్రజ్ఞాన్ అని పేర్లు. ఓటమి వలన క్రుంగనివాడే ఓటమిని నిశ్చలముగా పరీక్షింపగలడు. సమత్వమునకు లోకములో కలిగే ప్రయోజనము ఇది.

కావున ఏ ప్రదర్శనశాల అయినను విజయములకు ఇచ్చినంత స్థలము పరాజయములకూ ఇవ్వవలెను. విజయములు మాత్రమే చూచిన బాలుడు ప్రతిభకు నమస్కరించి ఇంటికి పోవును. కూలిన రాకెట్టు కథ విన్న బాలుడు తన తప్పిన లెక్కను మరల చేయుటకు కూర్చుండును. సాధకునకు కూడా మహాత్ముల సిద్ధుల కంటె వారి పతనములు, పునరుత్థానములు ఎక్కువ ఉపకరించును. విశ్వామిత్రుని కథ నేటికీ నిలుచుటకు కారణము ఆయన పలుమార్లు ఓడి మరల తపస్సునకు కూర్చుండుటయే.

తపస్సు ఎవరికైనను ఫలించును

అంతరిక్ష చరిత్రను నిండుగా చెప్పదలచినవారు దాని చీకటిని కూడా చెప్పవలసి ఉన్నది. నేటి మహారాకెట్లకు మూలరూపము రెండవ ప్రపంచయుద్ధమున జర్మనీ నిర్మించిన వి-2 ఆయుధము. దానిని భూగర్భ కర్మాగారములలో బందీల చేత చేయించినారు. మిట్టెల్‌బావ్-డోరా శిబిరమున వేలాది బందీలు మరణించినారు. ఆ ఆయుధమును రూపొందించిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ తరువాత అమెరికాలో శాటర్న్-5ను నిర్మించి, మానవుని చంద్రుని మీదికి పంపినాడు. ఏకాగ్రత అదే, మేధస్సు అదే. పురాణములు ఈ సత్యమును ఏనాడో గుర్తించినవి. హిరణ్యకశిపుడు, రావణుడు ఘోరతపస్సు చేసినారు. తపస్సునకు ఫలము కలిగినది. తపస్సు శక్తిని ఇచ్చును గాని, ఆ శక్తికి దిక్కు చూపునది ధర్మమే.

మాస్కోలోని అంతరిక్షయాన స్మారక ప్రదర్శనశాలలో బెల్కా, స్ట్రెల్కా అనే రెండు కుక్కల దేహములను భద్రపరచినారు. 1960 ఆగస్టులో అవి కక్ష్యకు వెళ్ళి ప్రాణములతో తిరిగివచ్చినవి. వాటికి ముందు, 1957 నవంబరు 3న పంపబడిన లైకాకు తిరిగివచ్చు మార్గమే కల్పించలేదు. ఉష్ణము హెచ్చి కొన్ని గంటలలోనే అది మరణించినది. యుధిష్ఠిరుడు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైనా రానన్నాడని విని పెరిగినవారు ఈ కథను తేలికగా దాటిపోలేరు. ఆకాశమునకు ఎక్కిన ప్రతి మెట్టు క్రింద ఎవరి ప్రాణము ఉన్నదో అడుగుట విజ్ఞానమునకు ద్రోహము కాదు. విజ్ఞానమునకు ధర్మము తోడుకావలెనని కోరువాడు అడుగవలసిన తొలి ప్రశ్న అది.

చూచువాడెవడు

ఆకాశమునకు వెళ్ళి చూచినను దేవుడు కనబడలేదని యూరీ గగారిన్ అన్నాడని బహుళ ప్రచారము ఉన్నది. 1961 ఏప్రిల్ 12 నాటి యాత్రలో ఆయన భూమితో జరిపిన సంభాషణలలో ఆ మాట లేదు. ఎవరన్నను, వేదాంతికి ఆ మాటలో కలత చెందదగినది ఏదీ లేదు. ఈశ్వరుడు మేఘముల పైన కూర్చున్న వ్యక్తి అని ఉపనిషత్తు ఎక్కడా చెప్పలేదు. 300 కిలోమీటర్ల పైకి వెళ్ళినవానికి కనబడలేదన్న కారణమున కూలిపోయే విశ్వాసము, 100 కిలోమీటర్ల దగ్గర కనబడి ఉంటే నిలిచేదా? కనబడినది దృశ్యమగును, దృశ్యమైనది ద్రష్ట కాజాలదు. వెదకవలసినది ఆ కిటికీలోనుండి చూచుచున్నవాని స్వరూపమును.

1971లో అపోలో-14 యాత్ర ముగించి తిరిగివచ్చుచుండగా ఎడ్గర్ మిచెల్‌కు విశ్వమంతయు ఏకమనే గాఢానుభవము కలిగినది. తరువాత ఆయన ప్రాచీన గ్రంథములను పరిశీలించి, దానికి సవికల్ప సమాధితో పోలిక చెప్పినాడు. ఆ వినయము ప్రశంసనీయము. అయినను సాధకుడు ఇక్కడ ఒక వివేకమును పాటించవలెను. ఆరంభమైన అనుభవము అంతమగును. ఎత్తునకు పోయినందున కలిగినది దిగిరాగానే స్మృతిగా మిగులును. ఎక్కుటకు, దిగుటకు అతీతమైన దానిని గురించినది ఆత్మజ్ఞానము. హృదయములోని దహరాకాశము బయటి ఆకాశమంత విశాలమని, ద్యావాపృథివులు దానిలోనే ఉన్నవని ఛాందోగ్యము బోధించినది. ఆ యాత్రకు రాకెట్టు అక్కరలేదు. కాని ఆ యాత్రకు కావలసిన నిష్ఠ, ఓర్పు, సత్యసంధత రాకెట్టు నిర్మించువారికి కావలసినవాటి కంటె తక్కువవి కావు. జపసంఖ్యలో తప్పు దొర్లితే సర్దుకొనిపోయే సాధకుడు, ఒక కవాటము మొరాయించిన కారణమును మాసముల తరబడి శోధించినవారిని చూచి కొంత సిగ్గుపడుట శ్రేయస్కరము.

శ్రీవారి పాదముల వద్ద నమూనా

ఇటీవలి కాలమున ప్రయోగములకు ముందు అంతరిక్ష శాస్త్రవేత్తలు తిరుమలకు రాకెట్టు నమూనాను తెచ్చి శ్రీవారి సన్నిధిలో ఉంచుట, సూళ్ళూరుపేట చెంగాళమ్మను దర్శించుట తెలుగువారందరికీ తెలిసినదే. ఇది శాస్త్రదృష్టికి విరుద్ధమని కొందరు విమర్శించుచున్నారు. దేవుని అనుగ్రహము వలననే రాకెట్టు ఎగిరినదని మరికొందరు ప్రచారము చేయుచున్నారు. విమర్శకుల ఆందోళనలో కొంత న్యాయము ఉన్నది. పూజ పరీక్షకు ప్రత్యామ్నాయమైన నాడు అది విజ్ఞానమునకే గాక భక్తికి కూడా గ్లాని.

గీత చివరి అధ్యాయమున ఏ కార్యము సిద్ధించుటకైనను ఐదు కారణములను చెప్పినది: అధిష్ఠానము, కర్త, సాధనములు, వివిధ ప్రయత్నములు, ఐదవది దైవము. మొదటి నాలుగింటిని లోపము లేకుండ నెరవేర్చినవాడు ఐదవదాని ఎదుట శిరస్సు వంచుటలో మూఢత్వము లేదు. తన శక్తికి అవధి ఎక్కడో తెలిసినవాని వినయము అది. నాలుగింటిని విడిచి ఐదవదానినే పట్టుకొనువాడు మాత్రము భక్తుడు కాడు. అటువంటి అర్చనల తరువాత జరిగిన ప్రయోగములలో సఫలములు ఉన్నవి, విఫలములు ఉన్నవి. స్వామి పాదముల వద్ద ఉంచిన నమూనా ఫలమును కొనుటకు చెల్లించిన మూల్యము కాదు గనుక, వైఫల్యము ఆ పూజను అసత్యము చేయదు. ఫలమేదైనను స్వీకరించెదమని ముందుగా చేసిన సంకల్పముగా దానిని గ్రహించుట సముచితము.

అనంతపద్మనాభుని సన్నిధిలో యాత్రికుడు స్వామిని ఒక్క ద్వారమునుండి పూర్తిగా చూడలేడు. ఒక ద్వారమున శిరస్సు, ఒక ద్వారమున నాభికమలము, ఒక ద్వారమున పాదములు. సత్యదర్శనము కూడా ఇట్టిదే. ప్రత్యక్షము చూపునది ఒకటి, అనుమానము చూపునది ఒకటి, శ్రుతి చూపునది ఒకటి. ఏ ద్వారమునూ మూయరాదు, ఒక ద్వారమున కనబడవలసినదానిని మరొక ద్వారమున వెదకరాదు. ఈసారి తిరువనంతపురము వెళ్ళు తెలుగు భక్తులు ప్రవేశ నియమములు ముందుగా విచారించుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, ఒక పూట తుంబాకు కేటాయించవలెను. అక్కడ ఏ విగ్రహమునకూ హారతి ఇవ్వనక్కరలేదు. తమ మందిరమును ఇచ్చిన జాలరులను, నింద తాను మోసి కీర్తిని ఇతరులకు ఇచ్చిన ధవన్‌ను తలచుకొని చేయు నమస్కారము చేరవలసినవానికే చేరును.